హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ క్లబ్బు కావాలంటే ముందు సభ్యులు కావాలి

ప్రశ్న: హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయింది. ఇంగ్లండ్‌లో కొన్నిచోట్ల చేసినట్టు అభిమానులే డబ్బులు వేసుకుని చిన్న క్లబ్బు నడపడం కుదురుతుందా? ఆ డబ్బుకు లాభం ఏమైనా వస్తుందా?

కుదురుతుంది. లాభం మాత్రం రాదు, ఆ ఆశతో ఉన్నవాళ్ళు మ్యూచువల్ ఫండ్లు చూసుకోవడం మంచిది. నేను పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లో, ఉద్యోగం లండన్‌లో. అక్కడ ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే ఫుట్‌బాల్ క్లబ్బును నడిపే అభిమానుల సంఘం డాన్స్ ట్రస్టులో సభ్యుణ్ణి, ఆ క్లబ్బు బాండ్లలో, అంటే అది జనం దగ్గర తీసుకున్న అప్పులో, నా డబ్బు కూడా ఉంది. మా ఊరి క్లబ్బు ఢిల్లీకి పోయిన సంగతి విన్నప్పుడు నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

వింబుల్డన్ అనగానే మనవాళ్ళకు టెన్నిసే గుర్తొస్తుంది. అక్కడ ఫుట్‌బాల్ క్లబ్బు 1889 నుంచీ ఉండేది. 1988లో ఇంగ్లండ్‌లో పేరున్న నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్ ఫైనల్లో లివర్‌పూల్‌ను 1-0తో ఓడించింది కూడా. 1991లో సొంత మైదానం ప్లౌ లేన్ వదిలి సెల్‌హర్స్ట్ పార్క్‌లో ఇంకో క్లబ్బుతో సర్దుకుని ఆడసాగింది. ఆ తర్వాత యజమానులు క్లబ్బును ఏకంగా మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తీసుకెళ్తామన్నారు. 2002 మేలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం వేసిన ముగ్గురు సభ్యుల కమిషన్ 2-1తో సరేనంది. అంతటితో ఆగలేదు. అభిమానులు మళ్ళీ వింబుల్డన్‌లో కొత్త క్లబ్బు పెట్టుకోవడం ఫుట్‌బాల్ విస్తృత ప్రయోజనాలకు మంచిది కాదని కూడా నివేదికలో రాసింది. అభిమానులు ఆ వేసవిలోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో కొత్త క్లబ్బు పెట్టేశారు.

ఈ కథ నాకు వివరంగా చెప్పింది ఒక పెద్దావిడ. 2019 చివర్లో ట్రస్టు మీటింగులో పరిచయం. ప్లౌ లేన్‌లో, పాత మైదానానికి కూతవేటు దూరంలో కొత్త స్టేడియం లేస్తోంది, డబ్బు బాగా తక్కువపడింది. బయటి పెట్టుబడిదారులను రానిస్తే లోటు తీరుతుంది, కానీ అభిమానుల వాటా తగ్గిపోతుంది. దాని మీద చర్చ. హాల్లో మడత కుర్చీలు, తడిసిన కోట్ల వాసన, ఆఫీసు బ్యాగులతో నేరుగా వచ్చినవాళ్ళు. ముందు బల్ల దగ్గర కూర్చున్న ట్రస్టు బోర్డు వాళ్ళు కూడా సభ్యులు ఓట్లేసి ఎన్నుకున్నవాళ్ళే.

నా పక్కన కూర్చున్న ఆవిడకు డెబ్భై దాటి ఉంటాయి. ఒళ్ళో లెక్కల కాగితాలు, అంచుల నిండా పెన్సిలుతో రాసుకున్న ప్రశ్నలు. మైకు చేతికి రాగానే ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. స్టేడియానికి తెచ్చే అప్పు ఎవరికి, ఎప్పటిలోగా తీర్చాలి, వడ్డీ ఎంత, రేపు ఆ పెట్టుబడిదారుడు తన వాటా అమ్ముకుంటే ఎవరికి అమ్ముతున్నాడో మమ్మల్ని అడుగుతాడా అని నాలుగు ప్రశ్నలు అడిగింది. బల్ల దగ్గరి నుంచి ఒకాయన లేచి మొదటి మూడింటికీ అంకెలతో సహా చెప్పాడు. నాలుగోది ఇంకా కాగితం మీదకు రాలేదన్నాడు. “రాసి తీసుకురండి, అప్పుడు ఓటేస్తాను” అని ఆవిడ కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనకాయన లేచి డ్రైనేజీ ఖర్చు గురించి అడగడం మొదలుపెట్టాడు.

బయటికి వచ్చాక బస్టాప్‌లో చెప్పింది. 2002 జూన్‌లో వింబుల్డన్ కామన్ అనే బహిరంగ మైదానం గడ్డిమీద కొత్త జట్టు ఎంపిక పెడితే 230 మంది వచ్చారట, ఆవిడ రోజంతా నిలబడి చూసిందట. జట్టు బాగా కింద, తొమ్మిదో అంచె లీగులో మొదలై 2011 నాటికి అయిదుసార్లు పైమెట్టెక్కి ఫుట్‌బాల్ లీగులోకి, అంటే పై నాలుగు అంచెల్లోకి వచ్చేసింది. ఇదంతా చెబుతూ ఆవిడ మురిసిపోలేదు. “అప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు, అందుకే ఇప్పుడు నేను అడుగుతాను” అంది. నాకు ఆ మాట బాగా పట్టేసింది.

ఆ లోటు పూడ్చడానికి కొందరు అభిమానులు బాండ్లు అమ్ముదామన్నారు. 2020 మొదట్లో ప్లౌ లేన్ బాండ్ వచ్చింది. కనీసం వెయ్యి పౌండ్లు. 4 శాతం దాటకుండా వడ్డీ ఎంత కావాలో మనమే ఎంచుకోవచ్చు, ఏమీ వద్దనుకుంటే సున్నా రాయొచ్చు. నేను సున్నా రాశాను. నాతో రూములో ఉండే వరంగల్ తమ్ముడు తల పట్టుకున్నాడు. “అన్నా, వెయ్యి పౌండ్లంటే ఊర్ల దగ్గర దగ్గర లచ్చ రూపాయలు. మిత్తి గూడ వద్దంటవేందన్నా?” అన్నాడు. ఆ బాండ్ల మీద 50 లక్షల పౌండ్లకు పైగా పోగైంది. అదే ఏడాది నవంబరులో కొత్త ప్లౌ లేన్‌లో మొదటి మ్యాచ్ జరిగింది. కోవిడ్ వల్ల ఒక్క ప్రేక్షకుణ్ణి కూడా రానివ్వలేదు, డాన్‌కాస్టర్‌తో 2-2 డ్రా. నేను ఇంట్లో లాప్‌టాప్‌లో చూశాను. తమ్ముడు కూడా పక్కనే కూర్చుని చివరిదాకా చూశాడు.

డబ్బు పోగుచేయడం అంత కష్టమేమీ కాదు. కష్టమంతా సభ్యులను నిలబెట్టుకోవడంలోనే ఉంది. దీనికి ఎబ్స్‌ఫ్లీట్ యునైటెడ్ సంగతి చూడండి. 2008లో ఇంటర్నెట్‌లో మనిషికి 35 పౌండ్ల చొప్పున పాతికవేల మందికి పైగా చేరి ఆ చిన్న క్లబ్బును కొనేశారు. అదే ఏడాది చిన్న క్లబ్బుల కప్పు ఎఫ్ఏ ట్రోఫీ కూడా గెలిచారు. తర్వాత ఏడాదికేడాది సభ్యులు జారిపోయారు, 2013కల్లా క్లబ్బును వేరేవాళ్ళకు అప్పజెప్పారు. ఎక్కడెక్కడి వాళ్ళో సరదాకు క్లిక్ చేసి కొన్న క్లబ్బు అది. వర్షంలో గేటు దగ్గర నిలబడి టికెట్లు చింపేవాళ్ళు వాళ్ళలో ఎంతమంది ఉంటారు? వాట్సాప్ గ్రూపు పెట్టి ఎన్నారైల దగ్గర కోటి రూపాయలు లేపుదాం అని నాకు మెసేజులు పెట్టేవాళ్ళకు ఎబ్స్‌ఫ్లీట్ పేరే చెబుతుంటాను.

అభిమానులు నడిపిన క్లబ్బులే పోర్ట్స్‌మత్‌ను చూడలేదా, రెక్సమ్‌ను చూడలేదా, వాళ్ళే చివరికి డబ్బున్నవాళ్ళకు ఇచ్చేశారు కదా అని అడుగుతారు. ఇచ్చారు, కానీ ఓటేసి ఇచ్చారు. మునిగిపోతున్న క్లబ్బును ముందు నిలబెట్టి, నచ్చిన మనిషికి, తమ షరతుల మీద ఇచ్చారు. హైదరాబాద్‌లో మనకు ఓటు ఎక్కడుంది?

మన క్లబ్బు 2019లో వచ్చిందే పుణె క్లబ్బు మూతపడి, దాని స్థానంలో. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్. 88వ నిమిషంలో సాహిల్ టవోరా సమం చేశాడు, షూటౌట్‌లో మన గోలీ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు, కప్పు మనదైంది. ఆ రాత్రి నేను లండన్‌లో అరిచిన అరుపులకు కింది ఫ్లాటువాళ్ళు తలుపు కొట్టారు. ఏడాదిన్నర తిరిగేసరికి జీతాల గొడవ, సీజన్ మధ్యలోనే విదేశీ ఆటగాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. 2025లో క్లబ్బు పేరు మారి ఢిల్లీ పాలైంది. పుణె వాళ్ళకు జరిగిందే మనకూ జరిగింది. ఇలా కొనుక్కొచ్చిన క్లబ్బు మళ్ళీ వస్తే సంబరపడొద్దు, అది కూడా ఏదో ఒక రోజు సామాను సర్దుకుంటుంది.

ఇది ఫుట్‌బాల్ తెలియని ఊరా? సయ్యద్ అబ్దుల్ రహీం తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత్ 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. ఆ భారత జట్టులో ఆడిన తులసీదాస్ బలరామ్ మా సికింద్రాబాద్ వాడే. ఇవాళ పిల్లల్ని అడిగితే ఐపీఎల్ వేలం ధరలు గడగడా అప్పజెబుతారు, రహీం సాబ్ పేరు తెలియదు. ఇక్కడ లండన్‌లో ఒక తెలుగు సంఘం ఉగాదికి సినిమావాళ్ళను రప్పించడానికి పెట్టే ఖర్చుతో ఒక జట్టు ఏడాదంతా ఆడుతుంది. పిల్లల జట్టుకు బూట్లు కొందామని చందా అడిగితే మాత్రం కమిటీలో చర్చించి చెప్తామన్నారు, ఇప్పటికీ చెప్పలేదు.

నా లెక్క ప్రకారం ఐఎస్ఎల్ ఊసు వదిలేయాలి. హైదరాబాద్ స్థానిక లీగులో, అట్టడుగున మొదలుపెట్టాలి. ట్రివేండ్రంలో ట్రావన్‌కోర్ రాయల్స్ అనే క్లబ్బు అభిమానుల యాజమాన్యంలోనే పుట్టింది, కాబట్టి దేశంలో కొత్తేమీ కాదు. చట్టం కూడా మన దగ్గర ఉంది. 1995 మ్యాక్స్ చట్టం (పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం) కింద సర్కారు వాటా లేకుండా, సభ్యుల సొమ్ముతో, సభ్యుల ఓటుతో సొసైటీలు నడుస్తున్నాయి. ముల్కనూరు మహిళా డెయిరీ ఆ చట్టం కిందే నడుస్తోంది. రోజూ పాలు పోసే ఆడవాళ్ళే దానికి యజమానులు. వాళ్ళకు చేతనైంది హైటెక్ సిటీలో కూర్చునేవాళ్ళకు చేతకాదంటే నేను ఒప్పుకోను.

నిబంధనల్లో మొదటిరోజే మూడు రాసుకోండి. ఎంత డబ్బు వేసినా మనిషికి ఒక్కటే ఓటు. పేరు, ఊరు మార్చాలంటే సభ్యుల్లో నాలుగింట మూడొంతులు ఒప్పుకోవాలి. లెక్కలు ప్రతి సభ్యుడికీ తెలుగులో, ఉర్దూలో అచ్చేసి, మీటింగుకు కనీసం రెండు వారాల ముందు ఇవ్వాలి. ఆ రెండు వారాలు తగ్గించమంటే ఒప్పుకోవద్దు, అంచుల్లో ప్రశ్నలు రాసుకోవడానికి జనానికి టైం కావాలి.

ఇప్పటికే ఎవరైనా మొదలుపెట్టి ఉంటే కామెంట్లలో చెప్పండి. వచ్చే వేసవిలో నెల రోజులు ఊళ్ళోనే ఉంటాను, సొసైటీ బైలా ముసాయిదా రాయడానికి నేను సిద్ధం.