మీసం తీయకు, చీర కట్టుకో

ఒరేయ్ చిన్నా,

ఫ్రెండ్ రిసెప్షన్‌కి చీర కట్టుకుని వెళ్లాలనుంది, గడ్డం ఏం చేయాలో తెలియట్లేదు అని రాశావు. గడ్డం అలాగే ఉంచు. మీసమూ ఉంచు. నీకు నచ్చింది చీర, అంతేగానీ ఆడమనిషిలా కనబడాలని కాదు కదా, అలాంటప్పుడు నడకా గొంతూ మార్చుకోవడం ఎందుకు? ఢిల్లీలో హిమాంశు వర్మ అని ఒకాయన గడ్డంతోనే చీరలు కట్టి 'సారీ మ్యాన్' అని పేరు తెచ్చుకున్నాడు.

ముందు లంగా సంగతి చూసుకో, చీరంతా నిలబడేది దాని మీదే. మగవాళ్లకి నడుము నుంచి తుంటి దాకా ఇంచుమించు నిటారుగా ఉంటుంది, పట్టు ఉండదు, శాటిన్‌దో ఎలాస్టిక్‌దో అయితే జారిపోతుంది. ముతక కాటన్‌తో బొందు లంగా కుట్టించుకో, ముడి పక్కకి వెయ్యి, ముందు వేస్తే కుచ్చిళ్ల కింద ఉబ్బుగా కనిపిస్తుంది. చీర పన్నా 45 అంగుళాలు అటూ ఇటూ ఉంటుంది, నీ ఎత్తుకి బొడ్డు పైన కడితే చీలమండలు బయటపడతాయి, పంచె కట్టే చోటే కట్టు. పంచె కుచ్చిళ్లు పెట్టిన చేతికి ఇదేం కొత్త కాదు, కాకపోతే నీ అడుగులు పెద్దవి, ఒకట్రెండు కుచ్చిళ్లు ఎక్కువ పెట్టు. మొదటిసారికి మంగళగిరి కాటన్ మంచిది, పెట్టిన మడత పెట్టినట్టే ఉంటుంది. జార్జెట్ జోలికి పోకు. రెడీమేడ్ జాకెట్టు భుజాల దగ్గర పట్టదు, లాల్చీ మీద కట్టేసెయ్.

నవ్వేవాళ్లు ఉంటారు. తిరుపతి గంగమ్మ జాతరలో మీసాలున్న మగవాళ్లు చీరలు కట్టి మొక్కు తీర్చుకుంటారు, ఆదోని దగ్గర సంతెకుడ్లూరులో హోలీకి చీరలు కట్టి రతీమన్మథులకి పూజ చేస్తారు, అప్పుడు అందరూ దణ్ణం పెడతారు. అదే ఇష్టపడి కట్టుకుంటే వెక్కిరింపు! ఈ తేడా నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఎవరైనా అడిగితే 'నచ్చింది, కట్టుకున్నా' అను, అంతకుమించి సంజాయిషీ వద్దు. కానీ తాగి వెంటపడేవాడుంటే మాటలు పెంచుకోకుండా అక్కణ్ణుంచి వచ్చెయ్.

మీ అమ్మ చీర చాటుగా తియ్యకు, అడిగి తీసుకో. పెళ్లివాళ్లకీ ముందే ఒక మాట చెప్పు, ఆ రోజు వాళ్లది. ఒక పూట ఇంట్లోనే కట్టుకుని మెట్లెక్కి దిగు, కింద కూర్చుని లే, ఎక్కడ లాగుతోందో తెలుస్తుంది, అక్కడో పిన్నీసు పెట్టు. బండి మీద మాత్రం వద్దురా, పైట చక్రంలో పడితే ప్రాణం మీదికొస్తుంది. ఆటోలో వెళ్లు.

బాబాయ్