అమ్మమ్మ నోట్‌బుక్‌లో పలం, తులం, వీశ, సోల అని ఉంది, గ్రాముల్లో ఎంత?

బాలింత కాయానికి (కాన్పైన వాళ్ళకి పెట్టే మందు ముద్ద) "శొంఠి 2 పలాలు, పిప్పళ్ళు 1 తులం, వాము అర పలం, బెల్లం అర వీశ, నెయ్యి సోల" అని మీ అమ్మమ్మ రాసుకున్నారు, నెట్‌లో వెతికితే పలం ఒకచోట 35 గ్రాములు ఇంకోచోట 48 గ్రాములు అని వస్తా ఉంది, ఏది కరెక్ట్ అని కదా మీరడిగింది. రెండూ కరెక్టేనండి, తిరకాసంతా అక్కడే ఉంది.

మాది కందుకూరు వైపు (1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు, ఫారాల్లో జిల్లా పేరు రాయాలంటే మాకు కొంచెం ఆలోచన పడుద్ది). మా తాతకి చిల్లరంగడి ఉండేది, ఉప్పూ పప్పుతో పాటు శొంఠి, కరక్కాయ, పిప్పళ్ళు లాంటి మందు సరుకు కూడా అమ్మేవాడు, కాబట్టి కోమట్ల లెక్కా వైద్యుల చీటీ లెక్కా రెండూ చిన్నప్పట్నించి వింటా పెరిగాం.

అంగడి లెక్క ఏందంటే, పాత మద్రాసు రాష్ట్రంలో నడిచింది. తులం 11.66 గ్రాములు, అంటే ఇంగ్లీషు వాళ్ళ 180 గ్రెయిన్లు, ఆ కాలం వెండి రూపాయి కూడా సరిగ్గా అంతే బరువు, అందుకే పాత వాళ్ళు "రూపాయెత్తు శొంఠి" అని చెప్పేవాళ్ళు, తక్కెట్లో రాయి బదులు రూపాయి బిళ్ళే వేసేవాళ్ళు. ఇప్పటి రూపాయి బిళ్ళతో మాత్రం తూచొద్దు, 2011 తర్వాత వచ్చినవి 3.79 గ్రాములే, మూడో వంతు కూడా రాదు. 3 తులాలు ఒక పలం, అంటే 35 గ్రాములు. 8 పలాలు సేరు, 5 సేర్లు వీశ, అంటే 1.4 కేజీ, 8 వీశలు మణుగు. మా తాత అంగడి రాళ్ళు ఇంకా అటక మీద ఉండాయి, వీశ రాయి తీసి డిజిటల్ కాటా మీద పెడితే తుప్పుతో సహా 1.4కి దగ్గర్లోనే చూపించింది, నాకే ఆశ్చర్యం. ఒక్కటి గుర్తు పెట్టుకోండి, ఈ సేరు 24 తులాలది, 280 గ్రాములు. ఉత్తరాది వంటల పుస్తకాల్లో కనపడే సేరు మామూలుగా 80 తులాలది, 933 గ్రాములు. పేరు చూసి ఆ వంట ఇక్కడి సేరుతో చేశారంటే అయిపోయారు.

వైద్యుల లెక్క వేరే. గురివింద గింజ దగ్గర మొదలవుద్ది. ఆయుర్వేదిక్ ఫార్ములరీ ఆఫ్ ఇండియా అని సెంట్రల్ గవర్నమెంటు వేసిన పుస్తకం ఉంది, మొదటి భాగం 1978లో వచ్చింది, అందులో గ్రాముల్లోకి మార్చి ఖాయం చేశారు: గుంజ అంటే గురివింద గింజ 125 మిల్లీగ్రాములు, 8 గుంజలు మాషం 1 గ్రాము, 12 మాషాలు కర్షం 12 గ్రాములు (దీన్నే తులం అంటారు), 4 కర్షాలు పలం 48 గ్రాములు, 4 పలాలు కుడవం 192, 4 కుడవాలు ప్రస్థం 768 గ్రాములు. ఇందులో కూడా మానిక అని ఒక కొలత ఉంది, 384 గ్రాములు, అది మన వంటింటి మానిక కాదు. ఇంకో మెలిక, కుడవం దగ్గర్నించి పైకి ద్రవాలకీ పచ్చి మూలికలకీ రాసినదానికి రెట్టింపు తీసుకోవాలని పాత వైద్య గ్రంథాల నియమం. కాబట్టి లేహ్యాలు, తైలాలు పుస్తకం చూసి ఇంట్లో కాచే వాళ్ళు ఈ ముక్క తెలీకుండా దిగొద్దు. అన్నట్టు గురివింద గింజ విషం, తూకానికే గానీ నోటికి కాదు, పిల్లలుండే ఇంట్లో ఊరికే డబ్బాలో పడేసి ఉంచకండి.

ఇక బంగారం అంగడికి పోతే అదే తులం ఇప్పుడు 10 గ్రాములంటారు. చూశారా, ఒక్క తులానికే మూడు బరువులు.

మరి నోట్‌బుక్‌లో ఉన్నది ఏ లెక్కో ఎట్టా తెలుసుకోవాలి? నేను చూసేది పక్కన ఏ కొలతలు ఉన్నాయా అని. పలంతో పాటు వీశ, సేరు, మణుగు కనిపిస్తే అది అంగడి లెక్క. కర్షం, కుడవం, ప్రస్థం కనిపిస్తే వైద్యుడు చెప్పి రాయించింది. మొత్తం ఒకే లెక్కలో ఉంటే నిజానికి పెద్ద భయం లేదు, పాళ్ళు చెడవు కాబట్టి. సగం అక్కడిదీ సగం ఇక్కడిదీ కలిపితేనే చెడుద్ది. మీ కాయంలో బెల్లం వీశల్లో ఉంది కాబట్టి పలం 35 గ్రాములే: శొంఠి 70 గ్రాములు, పిప్పళ్ళు 12కి కాస్త తక్కువ, వాము 17 లేదా 18, బెల్లం 700. పలం 48 అనుకుని శొంఠి 96 గ్రాములు వేసి బెల్లం మాత్రం 700 దగ్గరే ఉంచితే ఘాటు మూడో వంతుకి పైనే పెరుగుద్ది, పచ్చి బాలింతకి అది పెడితే ఇంక మంటో మంట.

అదే నోట్‌బుక్‌లో "5 గ్రెయిన్", "1 డ్రాము", "అవున్సు" అని కూడా ఉన్నాయన్నారు. అవి ఇంగ్లీషు డాక్టరు మిక్చర్లవి. గ్రెయిను దాదాపు 65 మిల్లీగ్రాములు, 60 గ్రెయిన్లు డ్రాము 3.89 గ్రాములు, 8 డ్రాములు మందుల అవున్సు 31.1 గ్రాములు, మామూలు సరుకుల అవున్సేమో 28.35. ద్రవం అయితే అవున్సు 28.4 మిల్లీలీటర్లు. ఇప్పటికీ జలుబు బిళ్ళల మీద పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు అని వింత అంకె కనిపిస్తుంది కదా, అది పాత 5 గ్రెయిన్ల లెక్కే. ఆ మిక్చర్లు మాత్రం ఇప్పుడు కలుపుకోవాలని చూడకండి, చదువుకోడానికే ఉంచుకోండి.

మిగిలింది సోల. ఇది బరువు కాదు, పాత్ర. 4 గిద్దలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక, 4 మానికలు కుంచం. మిల్లీలీటర్లలో ఒకే అంకె చెప్పే వాళ్ళని నమ్మొద్దు, ఊరు మారితే గిన్నె మారేది, బియ్యం గుట్టగా పోసి కొలిచారా అంచుకి చదును చేసి కొలిచారా అన్నదాన్ని బట్టి కూడా మారేది. పైగా సోలెడు ఆవపిండి, సోలెడు ఉప్పు ఒకే బరువు తూగవు. పచ్చడికి ఇది ఇబ్బందే కాదు, మా జేజి కుంచెడు ముక్కలకి మానికెడు కారం అనేది, ఏ గిన్నెతో కొలిచినా నాలుక్కి ఒకటి. పెద్ద కొలతల్లో తేడా ఇంకా ఘోరం, మన నెల్లూరు జిల్లాలో వడ్ల రేటు ఈరోజుకీ పుట్టికే చెప్తారు, పుట్టంటే 850 కేజీలు, అదే మాట ఇంకో జిల్లా రైతుతో అంటే వేరే లెక్క చెప్తాడు. 1956లో చట్టం చేసి, 1958 నించి మెట్రిక్ మొదలుపెట్టి, 1962కల్లా గ్రాములు, కేజీలు తప్పనిసరి చేసినా పుట్టి మాత్రం పోలేదు.

కాబట్టి మీ కాయంలో నెయ్యికి ముందు ఆ ఇంటి సోల గిన్నె ఉందేమో పెద్దవాళ్ళని అడగండి, దొరికితే నీళ్ళు నింపి కాటా మీద పెట్టండి, ఎన్ని గ్రాముల నీళ్ళు పడితే అన్ని మిల్లీలీటర్లు. దొరక్కపోతే బెల్లం పాకంలో పొడులు కలిపేటప్పుడు నెయ్యి కొంచెం కొంచెంగా పోస్తా ఉండండి, ముద్ద గిన్నెకి అంటుకోకుండా విడిచిన కాడికి ఆపేయండి.