5 నెలల పాపతో బీచ్‌కి: బ్యాగులో ఏం ఉండాలి

5 నెలల పాపతో బీచ్‌కి సర్దుతుంటే, రెండు బ్యాగులు నిండిపోయినా ఇంకా ఏదో మర్చిపోయినట్టే ఉంటుంది కదా. టెన్షన్ పడకండి, అందులో సగం బయటికి తీసేయొచ్చు. బొమ్మలతో మొదలుపెట్టండి. ఆ వయసుకి గుప్పెడు ఇసుకే పెద్ద బొమ్మ (అదీ నేరుగా నోట్లోకే వెళ్తుంది, ఓ కన్నేసి ఉంచండి).

అన్నిటికన్నా ముఖ్యం నీడ. 6 నెలల లోపు పిల్లలకు సన్‌స్క్రీన్‌ని నమ్ముకోకూడదు. గొడుగో చిన్న టెంటో, వెడల్పు అంచు టోపీ, కాళ్లూ చేతులూ కప్పే పల్చటి నూలు బట్టలు ఉండాలి. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా ఎండలో అసలు వద్దు. నీడ కోసమని స్ట్రోలర్ మీద దుప్పటి మాత్రం కప్పకండి, గాలి ఆడక లోపల వేడెక్కిపోతుంది.

నీళ్లు పట్టక్కర్లేదు, పాలే మామూలుకన్నా ఎక్కువసార్లు ఇవ్వండి. డబ్బా పాలైతే పొడి విడిగా, మరిగించిన వేడి నీళ్లు ఫ్లాస్కులో తీసుకెళ్లి అప్పటికప్పుడు కలిపి, చల్లారాక పట్టండి. నీళ్ల సీసా మీకోసం పెట్టుకోండి.

స్విమ్ డైపర్ (నీళ్లలోకి దించేటప్పుడు వేసేది) మూత్రాన్ని పీల్చుకోదు. కారులోనే వేసేస్తే సీటు తడుస్తుంది, మేం అలాగే నేర్చుకున్నాం! నీళ్ల దగ్గరికి వెళ్లాకే మార్చండి.

ఇసుక అంటుకుంటే తడి వైప్స్‌తో రుద్దకండి, చర్మం గీసుకుపోతుంది. పొడి టవల్‌తో అద్ది, ముఖానికి దూరంగా కాస్త కార్న్‌ఫ్లోర్ రాస్తే రాలిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు తడి బట్టలకు ఒక కవరు చాలు.