స్టోర్‌రూమ్‌లో బ్లాక్ విడో: సన్నకాళ్ల సాలీళ్లను ఉంచాలా?

స్టోర్‌రూమ్‌లో బ్లాక్ విడో అనే విషపు సాలీడు కనిపించిందని, పైమూలల్లో ఉన్న సన్నకాళ్ల సాలీళ్లు దాన్ని తినేస్తాయంటే వాటిని ఉండనివ్వాలా అని అడిగారు. ఉండనివ్వండి. ఆ మాట నిజమే. వాటి పొడవాటి కాళ్లే వాటి బలం. దూరం నుంచే దారం విసిరి చుట్టేసి, అవతలిది కదల్లేని స్థితికి వచ్చాకే కొరుకుతాయి. తమకంటే బరువైన విడోను కూడా అలాగే పడగొడతాయి. మనకు వాటితో భయం లేదు.

నీలంగా మెరిసే ఒక రకం కందిరీగ కూడా విడోలను కుట్టి, చచ్చుబడేలా చేసి, మట్టిగూటిలో తన పిల్లకు తిండిగా దాస్తుంది. (మనుషుల్ని కుట్టడం అరుదు.) బల్లులు సరేసరి.

అయితే భారమంతా వీటి మీద వేయొద్దు. ఇవి విడోల సంఖ్యను తగ్గిస్తాయి, పూర్తిగా తుడిచిపెట్టవు. విడో గూడు నేలకు దగ్గరగా, సామాను వెనక చిందరవందరగా ఉంటుంది. మందపాటి గ్లవ్స్ వేసుకుని, టార్చితో చూసి, సాలీడుతో పాటు గుడ్ల సంచిని కూడా వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగేయండి. ఒక్క సంచిలో వందల గుడ్లు ఉండొచ్చు, అది మిగిలితే పని మళ్లీ మొదటికొస్తుంది. తలుపు కింద సందులు మూసేయండి. రాత్రి బయట లైటు ఆపితే పురుగులు తగ్గుతాయి, తిండి లేక సాలీళ్లూ తగ్గుతాయి. స్ప్రే మీద నాకు పెద్ద నమ్మకం లేదు. నేరుగా మీద పడితే తప్ప అంతగా పనిచేయదు, పైగా సన్నకాళ్లవాటినీ చంపుతుంది.

ఒకవేళ విడో కరిస్తే సబ్బుతో కడిగి, ఐస్ పెట్టి డాక్టర్‌కు చూపించండి. కండరాలు పట్టేస్తున్నా, కరిచింది చిన్నపిల్లలనైనా అస్సలు ఆలస్యం చేయొద్దు.