నిచ్చెన ఒకటి, ఇళ్లు తొంభై ఆరు

ప్రశ్న: మాది నిజాంపేటలో 96 ఫ్లాట్ల సముదాయం. గోడకు మేకు దిగాలంటే డ్రిల్లింగ్ మెషీన్, ఫ్యాను తుడవాలంటే నిచ్చెన, బాల్కనీ కడగాలంటే ప్రెజర్ వాషర్, చుట్టాలు వస్తే మడత మంచాలు కావాలి. ఎప్పుడో తప్ప వాడని ఈ సామాను ప్రతి ఇంట్లోనూ అటకెక్కి కూర్చుంటోంది. సంఘం తరఫున కొని అందరమూ వంతులవారీగా వాడుకుందామంటే, కొందరు ముందు యాప్ తయారు చేయించాలంటున్నారు, కొందరు అద్దె పెట్టాలంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: యాప్ సంగతి ఆఖరున చూసుకోవచ్చు. గళ్లు గీసిన ఒక పుస్తకమూ మీ వాట్సాప్ గ్రూపూ మొదటి ఏడాదికి సరిపోతాయి. ఇలాంటి ఏర్పాటు సాధారణంగా చెడేది వస్తువు తిరిగి వచ్చే దగ్గర కాబట్టి, మీ నియమాలన్నీ అక్కడి నుంచి వెనక్కి ఆలోచించుకుంటూ రాసుకోండి.

ముందు ఏ వస్తువులు పంచుకోవడానికి పనికొస్తాయో తేల్చుకోవాలి. ఒక్కో ఇంటికి ఒక్కో రోజున అవసరమయ్యేవి పనికొస్తాయి. అందరికీ ఒకే రోజున అవసరమయ్యేవి పనికిరావు. డ్రిల్లింగ్ మెషీన్, నిచ్చెన మొదటి రకం. సంక్రాంతికి పిండివంటల మూకుళ్లు రెండో రకం. వాటిని ఎన్ని కొన్నా పండగ ముందు చాలవు, తర్వాత అక్కర్లేదు. ఆ పని మన టెంట్ హౌస్‌లు ఎప్పటి నుంచో చక్కగా చేస్తున్నాయి, వాళ్లకే వదిలేయండి. వానాకాలంలో సెల్లార్‌లో నీళ్లు తోడే మోటారును అరువు జాబితాలో చేర్చకండి. అది సంఘం ఆస్తిగా సెల్లార్‌లోనే బిగించి ఉండాలి.

ఎన్ని కొనాలన్న లెక్క ఇళ్ల సంఖ్య మీద కన్నా, వస్తువు ఒక్కొక్కరి దగ్గర ఎంతసేపు ఉంటుందన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఇంటికి ఏడాదికి నాలుగుసార్లు డ్రిల్లింగ్ మెషీన్ కావాలనుకుందాం. మొత్తం 384 సార్లు. ప్రతిసారీ ఒక రోజు ఉంచుకుంటే సగటున ఒకటికి కాస్త పైగా మెషీన్లు బయట ఉంటాయి, మూడు రోజులు ఉంచుకుంటే మూడుకు పైగా ఉంటాయి. పైగా మేకులు కొట్టించుకునేది ఎక్కువగా ఆదివారం నాడే కాబట్టి సగటును నమ్ముకుంటే ఇబ్బంది పడతారు. అందువల్ల దీన్ని రోజుల చొప్పున కాక పూటల చొప్పున, ఉదయం ఒకరికి, మధ్యాహ్నం ఒకరికి ఇవ్వండి. రెండు మెషీన్లతో గడిచిపోతుంది. మడత మంచాలకు ఈ నియమం కుదరదు, చుట్టాలు ఎన్నాళ్లుంటే అన్నాళ్లు ఇవ్వవలసిందే.

అద్దె విషయంలో చట్టం చెప్పే మాట ఒకటి తెలుసుకోవాలి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 150వ సెక్షన్ ప్రకారం, ఉచితంగా ఇచ్చిన వస్తువులో మనకు తెలిసిన లోపాన్ని చెప్పకుండా దాచినప్పుడు, దానివల్ల కలిగే నష్టానికి మనం బాధ్యులం. అద్దెకు ఇచ్చినట్లయితే లోపం మనకు తెలిసినా తెలియకపోయినా బాధ్యత మనదే. తీగ తెగిన మెషీన్ పట్టుకుని ఎవరికైనా షాక్ కొడితే ఈ తేడా చిన్నదేమీ కాదు. అదే చట్టం 151, 152 సెక్షన్ల ప్రకారం, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకునేంత జాగ్రత్తగా తీసుకున్న వ్యక్తి దాన్ని చూసుకుని ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, అది పోయినా పాడైనా అతను చెల్లించనక్కర్లేదు. కాబట్టి పోతే ఎంత కట్టాలో ముందే రాసి సంతకం తీసుకోండి. నా సలహా ఏమిటంటే, వాడినప్పుడల్లా అద్దె వద్దు. మరమ్మతులకు ఏడాది చందా, ఆలస్యానికి రోజురోజుకూ పెరిగే జరిమానా పెట్టుకోండి. వెనకాల ఎవరైనా వేచి ఉంటే గడువు పొడిగించకూడదు, అడిగింది సంఘం అధ్యక్షులైనా సరే. చందా పెట్టుకున్నా, ఉచితంగా ఇచ్చినా, విద్యుత్ పరికరాల పరీక్ష మాత్రం మానకండి.

తిరిగి తెచ్చినప్పుడు, తెచ్చిన మనిషి ముందే ప్లగ్గు పెట్టి ఒక నిమిషం నడిపించి చూడాలి. మర్నాడు చూస్తే ఎవరి దగ్గర పాడైందన్నది తేలదు, పంచాయితీ మిగులుతుంది. పెట్టె లోపలి మూతకు విడిభాగాల బొమ్మ అతికిస్తే ఏది తగ్గిందో చూడగానే తెలుస్తుంది. స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కేవారి చేతనే పనిముట్ల మీద నంబర్లు వేయించండి, స్టిక్కర్లు ఊడిపోతాయి. డ్రిల్ బిట్లు అరిగిపోయేవి కాబట్టి ఎవరివి వారే కొనుక్కోవాలి. బోరు నీళ్లలోని సున్నం ప్రెజర్ వాషర్ నాజిల్‌ను మూసేస్తుంది గనుక దాన్ని శుభ్రం చేసి ఇవ్వడం కూడా నియమంలో చేర్చండి. ఈ పనంతా వాచ్‌మన్ నెత్తిన వేయడం అన్యాయం. గేటూ పార్సిళ్లూ చూసుకోవడమే అతనికి తలకు మించిన పని. చందాలోంచి కొంత ఇచ్చి ఎవరో ఒకరిని బాధ్యులుగా పెట్టుకోండి.

అమెరికాలో బర్కిలీ నగర గ్రంథాలయం 1979 నుంచి పనిముట్లను పుస్తకాల మాదిరే అరువిస్తోంది కాబట్టి, ఇది సాధ్యమేనా అని శంకించే సభ్యులకు ఆ మాట చెప్పవచ్చు.

ప్రశ్న: కొత్తవి కొనకుండా, ఎవరింట్లో ఉన్నవి వాళ్లే ఇరుగుపొరుగుకు ఇచ్చుకునేలా జాబితా వేసుకోవచ్చా? మాకు ఉన్నది 12 ఇళ్లే.
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: నిచ్చెన, మంచాలు, పెద్ద గిన్నెల వరకు వేసుకోవచ్చు. మోటారు ఉన్న వాటిని కలపకండి; అరుగుదల ఎవరి వల్ల వచ్చిందో తేలక, వస్తువు ఇచ్చిన వారితోనే మాటలు పోతాయి. వీల్‌చైర్, వాకర్ లాంటివి ఎవరింట్లోనైనా ఉంటే జాబితాలో చేర్చండి, వాటికి మాత్రం తిరిగిచ్చే తేదీ రాయకండి.