మీ సినిమాలో మీ అన్నయ్య ఎందుకు లేరు?

భువనేశ్వర్‌లో వీడియో ఎడిటర్‌గా పనిచేస్తున్న పర్లాకిమిడి అమ్మాయి రాసిన ఉత్తరమిది. నిరుడు తండ్రి పోయారు. ఆయన గురించి, ఇంట్లో తెలుగుతో, బడిలో ఒడియాతో పెరిగిన తన గురించి ఆమె పదిహేను నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారు. ఇంటి ఏడుపు వీధిలో పెడతావా అని అన్నయ్య అడ్డుపడుతున్నారు. ఆయన మాట కాదని తీయవచ్చా, తీస్తే ఏ భాషలో తీయాలి అని అడిగారు.

భాష సంగతి ముందు తేల్చేద్దాం. ఎవరు ఏ భాషలో మాట్లాడితే అందులోనే మాట్లాడనిచ్చి, కింద సబ్‌టైటిల్స్ వేయండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అందులో కలిసిన నాటి నుంచీ, మీ ఊరి తెలుగు ఇళ్లు అర్జీ ఒక భాషలో రాసి, అన్నం మరో భాషలో అడిగి బతుకుతూనే ఉన్నాయి. దాని కోసం మీరు నిద్ర పాడుచేసుకోనక్కరలేదు.

నన్ను ఆపింది మీరు జతచేసిన షాట్ల జాబితా. అందులో తులసికోట దగ్గర అమ్మగారున్నారు, పాత ఫొటోలతో మేనత్తగారున్నారు, నాన్నగారి కళ్లజోడుంది, కొట్టు తాళాలగుత్తి క్లోజప్‌లో ఉంది. ఆ తాళాలు రోజూ పొద్దున్నే తీస్తున్న చెయ్యి ఎవరిది? తలకొరివి పెట్టి, పది రోజులూ కర్మ చేసి, పన్నెండో రోజు వచ్చినవాళ్ల భోజనాలు చూసి, ఆ వెంటనే గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి మీ ఉత్తరంలో అడ్డుపడే మనిషిగా తప్ప మరెక్కడా లేరు. మగపిల్లవాడు ధైర్యంగా ఉండాలని మన ఇళ్లలో చెప్పి చెప్పి నోరు నొక్కేసి, ఆనక వాడు రాయిలాంటివాడని మనమే అంటాం. మీరూ ఆ మాటే రాశారు.

పరువు పేరు చెబితే మీకు వచ్చిన కోపం నాకూ వస్తుంది. తండ్రి కోసం దుఃఖపడటానికి కూతురికి అన్న అనుమతి అక్కరలేదు కనుక సినిమా తీయండి. అయితే ఆస్పత్రిలో ఆక్సిజన్ మాస్కుతో ఉన్నప్పుడు ఫోనులో తీసిన వీడియో వాడవద్దు. గడ్డం గీసుకోనిదే నాన్నగారు కొట్టు మెట్టెక్కేవారు కారని మీరే రాశారు. ఆ స్థితిలో తనను నలుగురూ చూడటానికి ఆయన ఒప్పుకునేవారా? అమ్మగారు ఏడుస్తుంటే ఫోకస్ సరిచేశానన్న వాక్యం చదివి, నిజం చెప్పాలంటే, నాకు మనసు చివుక్కుమంది. అప్పుడు కెమెరా కట్టేసి ఆవిడ పక్కన కూర్చోవలసింది.

సంవత్సరీకానికి ఎలాగూ వెళుతున్నారు కాబట్టి నాలుగు రోజులు ముందే వెళ్లి, సామాన్లు తేవడానికి అన్నయ్యతో పాటు బజారుకు నడవండి. బరంపురం నుంచి నాన్నగారిని తెచ్చిన రాత్రి వ్యానులో పక్కన కూర్చున్నది ఆయనొక్కరే అని రాశారు. ఆ దారిలో ఏం జరిగిందో ఇంతవరకూ అడిగారా? కెమెరా లేకుండా అడగండి, చెప్పినదంతా సినిమాకు పనికొస్తుందని లెక్కలు వేసుకోకండి. రఫ్ కట్, అంటే సినిమా తొలి కూర్పు, మొదట ఆయనకూ అమ్మగారికీ చూపించండి. తమ ముఖమున్న షాటు వాళ్లు వద్దంటే తీసేయండి. మీ గొంతుతో మీ గురించి మీరు చెప్పుకున్న మాటను మాత్రం ఎవరు వద్దన్నా ఉంచండి. ఇలా చేస్తే ఫెస్టివల్ గడువు దాటిపోతుందంటారేమో, దాటితే వచ్చే ఏడాది పంపుకోండి.