5 లక్షలతో మొదటి సెకండ్‌హ్యాండ్ లారీ కొనాలనుకునే డ్రైవర్ తమ్ముడికి నా జవాబు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది: ఎనిమిదేళ్లుగా లారీ తోలుతున్నావు, చేతిలో 5 లక్షలున్నాయి, 2015 మోడల్ పది టైర్ల బండి 12 లక్షలు చెబుతున్నారు, మిగతా 7 లక్షలు ఫైనాన్స్ వాళ్లు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా, తీసుకుంటే ఏమేం చూడాలి. నేను పదకొండేళ్లు ఓనర్ల దగ్గర చేసి 2019లో మొదటి బండి కొన్నాను. అదీ సెకండ్‌హ్యాండే, పది టైర్లదే. అందుకే సూటిగా చెబుతున్నా, ఉన్న 5 లక్షలూ డౌన్ పేమెంట్‌కే పోయేటట్టయితే ఆ బండి తీసుకోవద్దు. బండి ఎంత బాగున్నా సరే.

నేను చేసిన తప్పు అదే. ఉన్నదంతా కట్టేసి, పేరు మార్పిడికీ ఇన్సూరెన్స్‌కీ ముందు రెండు టైర్లకీ పోగా చేతిలో 35 వేలు మిగిలాయి. విజయవాడలో దుర్గమ్మ కొండ కింద పూజ చేయించి మొదటి ట్రిప్పు తోలాను, బాగానే వెళ్లొచ్చింది. రెండో ట్రిప్పు గుంటూరులో మిర్చి ఎత్తుకుని కోల్‌కతా వెళ్తుంటే ఒడిశాలో భద్రక్ దాటాక వెనక హౌసింగ్‌లో, అంటే వెనక చక్రాలను తిప్పే గేర్ల పెట్టెలో, గరగరమని శబ్దం మొదలైంది, పది కిలోమీటర్లు పోయేసరికి బండి ఆగిపోయింది. అందులోని క్రౌన్ అనే పెద్ద గేరు పళ్లు విరిగాయి. నాలుగు రోజులు రోడ్డు పక్కనే, పైన సరుకు, గంటకోసారి పార్టీ ఫోను, భాష సరిగ్గా రాని ఊళ్లో మెకానిక్. సామాను, కూలీ అంతా కలిపి 62 వేలయింది. ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెప్పించుకున్నాను. ఆ ట్రిప్పు బ్యాలెన్స్ కిరాయి 26 రోజులకు గాని చేతికి రాలేదు, ఈలోగా ఫైనాన్స్ కిస్తీ వచ్చింది, దానికి మళ్లీ అప్పు. బండి రిపేరు నాలుగు రోజుల్లో అయిపోయింది, ఆ అప్పులు తీరడానికి మాత్రం ఏడాది పట్టింది. ఇప్పుడు తలుచుకున్నా నాకు కడుపులో తిప్పినట్టే ఉంటుంది.

డ్రైవర్‌గా ఉన్నప్పుడు మనకు కిరాయి కనిపిస్తుంది, డీజిల్ కనిపిస్తుంది, టోల్ కనిపిస్తుంది. బండి ఆగిన రోజు ఖర్చు ఓనర్‌కి ఒక్కడికే తెలుస్తుంది. బండి కొన్నాక కనీసం లక్షన్నర, వీలైతే రెండు లక్షలు నీ ఖాతాలో అలాగే ఉండాలి, దాన్ని బండి ధరలో లెక్క వేయకూడదు. అంటే నీ దగ్గరున్న 5 లక్షల్లో బండికి పెట్టగలిగింది 3 లక్షలే.

ఫైనాన్స్ లెక్క కూడా కాగితం మీద వేసుకో. పాత బండ్లకు వడ్డీని చాలాచోట్ల ఫ్లాట్‌లో చెబుతారు. 7 లక్షలకు 9 శాతం ఫ్లాట్, మూడేళ్లు అనుకుందాం. వడ్డీ 1,89,000. నెలకు 24,700 దాకా కిస్తీ. వినడానికి 9 శాతమే, కానీ నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మొత్తం 7 లక్షల మీదే వేస్తారు కాబట్టి తగ్గే అసలు మీద లెక్క కడితే 16 శాతం దాటుతుంది. "ఫ్లాటా, రెడ్యూసింగా" అని అడిగి మరీ రాయించుకో. దీని మీద థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే, 20 నుంచి 40 టన్నుల బండికి 2022 నోటిఫికేషన్ ప్రకారం ఏడాదికి 43,950, జీఎస్టీ వేరే. నేషనల్ పర్మిట్‌కి ఏడాదికి 16,500, ఆథరైజేషన్‌కి ఇంకో వెయ్యి. క్వార్టర్లీ ట్యాక్స్ సంగతి నీకు తెలిసిందే. వీటిని పన్నెండుతో భాగించి నెల ఖర్చులో కలుపు, లేకపోతే ఇన్సూరెన్స్ నెల వచ్చినప్పుడల్లా అప్పు చేయాల్సి వస్తుంది.

డీజిల్ కూడా ఇలాగే. విజయవాడ నుంచి కోల్‌కతా సుమారు 1,200 కిలోమీటర్లు, లోడు మీద లీటరుకు 4 కిలోమీటర్ల మైలేజ్ ఇస్తే 300 లీటర్లు. అదే బండి 3.5 ఇస్తే 343 లీటర్లు. ఒక్క వైపు ట్రిప్పులోనే 43 లీటర్ల తేడా అంటే నాలుగు వేలకు పైమాట. నెలకు నాలుగు వైపులు తోలితే అర కిస్తీకి పైనే అక్కడ పోతుంది. అందుకే బండి ధరలో యాభై వేలు తగ్గించారని సంబరపడకుండా మైలేజ్ ఎంతిస్తుందో ఓనర్‌ని కాదు, ఆ బండి తోలిన డ్రైవర్‌ని అడుగు. డ్రైవర్ డ్రైవర్‌కి అబద్ధం చెప్పడు, నా అనుభవంలో అయితే చెప్పలేదు.

బండి చూడకముందే చేయాల్సిన పని ఇంకొకటుంది. నువ్వు తిరిగే లైన్‌లో నీకు తెలిసిన ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులకు వెళ్లి, "నాకు సొంత బండి ఉంటే వారానికి ఎన్ని లోడ్లు ఇస్తారు, తిరుగు లోడు ఎవరిస్తారు, బ్యాలెన్స్ ఎన్ని రోజులకు ఇస్తారు" అని అడుగు. ఒక్కరు కూడా గట్టిగా ఇస్తామనకపోతే బండి కొన్నాక బ్రోకర్ల చేతిలో ఉంటావు, వాళ్లు చెప్పిన కిరాయికే పోవాలి. నీకు సిమెంటు లోడు దొరుకుతుందా, ధాన్యమా, చేపల లోడా అన్నదాన్ని బట్టి ఏ బండి కావాలో తేలుతుంది.

ఇక కాగితాలు. ఇంజిన్ చూడ్డానికి ముందే ఇవి చూడు. ఇంజిన్ పోతే డబ్బుతో బాగవుతుంది, కాగితం చెడితే బండి షెడ్డులోనే ఉంటుంది. బండి నంబరు పరివాహన్ అనే సర్కారు వెబ్‌సైట్‌లో కొట్టు: ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఎప్పటిదాకా ఉంది, ట్యాక్స్ కట్టారా, ఇన్సూరెన్స్, పర్మిట్, ఆర్‌సీ మీద హైపోథికేషన్, అంటే లోనుకి బండి తాకట్టు, ఎవరి పేరున ఉంది. ఈ-చలాన్లు విడిగా చూడాలి, మన రాష్ట్రంలోవే కాదు, ఒడిశా, తమిళనాడు వైపు తిరిగిన బండి అయితే అక్కడివి కూడా. 2019 సెప్టెంబర్ నుంచి ఓవర్‌లోడ్‌కి 20 వేలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ ఇంకో 2 వేలు జరిమానా. అలాంటివి రెండు పెండింగ్‌లో ఉన్నా నీ నెత్తిన పడతాయి.

హైపోథికేషన్ గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. మాతో పాటు తిరిగే ఒకతను బండి కొన్నాడు, అమ్మినాయన "లోను అయిపోయింది, ఎన్‌ఓసీ వారంలో వస్తుంది" అన్నాడు (ఎన్‌ఓసీ అంటే బాకీ లేదని ఫైనాన్స్ వాళ్లు ఇచ్చే కాగితం), లోను నిజంగానే అయిపోయింది కూడా. కానీ అమ్మినాయన అదే ఫైనాన్స్ దగ్గర ఇంకో బండికి లోను తీసుకుని ఉన్నాడు, తన తమ్ముడి బండికి జామీను ఉన్నాడు. ఆ రెండూ కిస్తీలు ఆగాయి కాబట్టి ఈ బండికి ఎన్‌ఓసీ ఇచ్చేది లేదన్నారు. మా వాడు ఎనిమిది నెలలు తిరిగాడు. అందుకని ఎన్‌ఓసీ, ఆర్‌సీ మీద తాకట్టు తీయించే ఫారం 35 చేతిలోకి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వు, అప్పటిదాకా అడ్వాన్సే. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారం 29, 30 (పేరు మార్పిడి కాగితాలు) చేతిలో పెట్టి "తర్వాత మార్చుకో" అనేవాళ్ల దగ్గర అసలు కొనకు. రూలు ప్రకారం కొన్న 30 రోజుల్లో పేరు మార్పిడికి అప్లై చేయాలి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో నీ పేరు మీదకి మార్పించుకో. మార్చకపోతే అవతలివాడికి జరిగిన నష్టానికి పాత పాలసీ పనిచేస్తుందేమో గాని నీ బండికి జరిగిన డ్యామేజీకి క్లెయిమ్ రాదు.

వయసు లెక్క కూడా చూసుకో. మల్టీ యాక్సిల్, అంటే పది టైర్లదాని లాగా రెండుకు మించి ఇరుసులున్న బండికి 15 ఏళ్లు దాటితే నేషనల్ పర్మిట్ ఇవ్వరు, రెండు యాక్సిళ్ల ఆరు టైర్ల బండికి 12 ఏళ్లే. నువ్వు చెప్పిన 2015 బండికి 2030 దాకా ఉంది కాబట్టి ఫర్వాలేదు, అదే 2013 మోడల్ చవకగా వస్తోందని మూడేళ్ల లోనుకి తీసుకుంటే లోను తీరేలోపే పర్మిట్ పోతుంది, అప్పుడు కొనేవాడు దొరకడు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఎఫ్‌సీ ఏటేటా చేయించాలి. ఇంకోటి, 2017 ఏప్రిల్ ముందు మన దగ్గర అమ్మిన లారీలు చాలావరకు బీఎస్ 3 (బీఎస్ అంటే పొగ కాలుష్యానికి సర్కారు పెట్టిన ప్రమాణం, నంబరు పెరిగేకొద్దీ కఠినం). ఢిల్లీలో రిజిస్టర్ కాని బీఎస్ 3 సరుకు బండ్లను 2025 నవంబర్ 1 నుంచి ఢిల్లీలోకి రానివ్వడం లేదు, బీఎస్ 4 వాటికి గడువు 2026 అక్టోబర్ 31 వరకే. మామిడికాయల సీజన్‌లో ఢిల్లీ లోడ్లు తోలదామని ఉంటే ఇది ముందే ఆలోచించుకో.

బండి దగ్గరికి వెళ్లేటప్పుడు నీకు నమ్మకమైన మేస్త్రిని వెంట తీసుకెళ్లు, అమ్మేవాడు చూపించిన మేస్త్రి వద్దు. ఆటోనగర్‌లో ఒక పూటకి వెయ్యో రెండు వేలో తీసుకుంటాడు, ఇవ్వు. పొద్దున్నే వెళ్లి ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడు, వేడిగా ఉంటే నువ్వు రాకముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయ్. చల్లని ఇంజిన్ ఎలా అందుకుంటుందో అదే అసలు పరీక్ష. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత తీసి చూడు. పొగ తన్నుకొస్తుంటే బ్యాక్ కంప్రెషన్ ఉంది, ఇంజిన్ పని దగ్గర్లోనే ఉందని అర్థం. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలుస్తున్నాయి. నీలం పొగ వస్తుంటే ఆయిల్ తాగుతోంది.

ఛాసిస్ కిందకి నువ్వే దూరు, బట్టలు మాసిపోతాయని చూడకు. కమాన్ (బరువు మోసే స్ప్రింగ్ పట్టీల) బ్రాకెట్ల దగ్గర, క్యాబిన్ వెనక, కొత్త రంగు పూసిన చోట, పట్టీ వేసి వెల్డింగ్ కొట్టిన చోట చూడు. ఓవర్‌లోడ్ తోలిన బండి అక్కడే బయటపడుతుంది. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఆర్‌సీతో సరిపోల్చు. నంబరు చుట్టూ గ్రైండింగ్ చేసిన గుర్తులుంటే అక్కడితో ఆపేయ్. టైర్లు పదీ విడివిడిగా చూడు, ఏవి ఒరిజినల్, ఏవి రీట్రేడ్ (పాత టైరు మీద కొత్త రబ్బరు వేసినవి) రాసుకో. ముందు రెండూ రీట్రేడ్ ఉంటే ధరలోంచి వాటి ఖరీదు తీసెయ్యి. కొత్త టైరు ఒక్కోటి 20 వేలు పైనే, పదికి పది మార్చాల్సి వస్తే 2 లక్షలు దాటుతుంది.

నా బండి ఆగింది హౌసింగ్ వల్ల కదా. దాన్ని బాగుచేసిన మెకానిక్ తర్వాత చెప్పాడు, కొనేముందు హౌసింగ్ కింది డ్రెయిన్ ప్లగ్ విప్పి ఉంటే ఇనప రజను కనిపించేది, అప్పుడే పళ్లు అరుగుతున్నాయని తెలిసేది అని. ఐదు నిమిషాల పని. ఖాళీ బండిని ఊరు చుట్టూ రెండు కిలోమీటర్లు తోలి చూస్తే హౌసింగూ క్లచ్చూ ఏమీ చెప్పవు. అందుకని నా రెండో బండి కొనేటప్పుడు పాత ఓనర్‌ని బతిమాలి, లోడుతో వెళ్తున్న బండిలో డ్రైవర్ పక్కన కూర్చుని విశాఖపట్నం మీదుగా సాలూరు దాటి ఘాట్ ఎక్కేదాకా వెళ్లాను. ఎక్కుడులో క్లచ్ జారుతుందా, దిగుడులో బ్రేకులు వేడెక్కుతున్నాయా, టెంపరేచర్ ముల్లు ఎక్కడ నిలబడుతుంది, గేరు ఎగిరిపోతుందా, అన్నీ ఆ ఒక్క రాత్రిలో తెలిశాయి. అప్పటికే అలసిపోయి ఉన్నా కన్ను మూయలేదు. అమ్మేవాడు దీనికి ఒప్పుకోకపోతే కనీసం బండిని తూకం వేసే కాటా దగ్గరైనా లోడుతో నిలబెట్టి కమాన్లు ఎలా కూర్చున్నాయో చూడు.

బీఎస్ 6 బండి చవకగా వస్తోందని ఎవరైనా చెబితే ఒకటికి రెండుసార్లు ఆలోచించు. వాటిలో సెన్సర్లు, యాడ్‌బ్లూ (పొగను శుభ్రం చేయడానికి పోసే ద్రవం) సామాను, సైలెన్సర్ లోపలి సామాను చాలా ఖరీదు, రోడ్డు మీద మామూలు మెకానిక్ చేయలేడు. మొదటి బండికి నీ చేతికీ నీ మేస్త్రి చేతికీ అలవాటైన ఇంజిన్ అయితేనే మంచిదని నా అభిప్రాయం, టాటా అయినా లేలాండ్ అయినా సామాను ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది.

నీ విషయానికి వస్తే, 12 లక్షల బండికి 3 లక్షలే కట్టి 9 లక్షలు లోను తీసుకుంటే కిస్తీ ఇదే వడ్డీతో 31,700 దాటుతుంది, మొదటి బండికి అది చాలా బరువు. ఆ బండిని 10 లక్షల లోపుకి దించగలిగితే ముందుకెళ్లు, లేకపోతే 9 లక్షల దగ్గర ఇంకోటి వెతుకు, లేదా ఇంకో ఏడాది తోలి రెండు లక్షలు కూడబెట్టు. ఏడాది ఆలస్యం అయిందని నీ ఇంట్లో వాళ్లు బాధపడొచ్చు, నా ఇంట్లో వాళ్లు పడిన టెన్షన్ మాత్రం వాళ్లు పడకూడదు.

ముందు ఆ బండి నంబరు పరివాహన్‌లో కొట్టి హైపోథికేషన్ ఉందో లేదో, ఎఫ్‌సీ ఏ తేదీ దాకా ఉందో, ఆర్‌సీలో మొత్తం బరువు (బండి, లోడు కలిపి) 25 టన్నులు రాసి ఉందో 28.5 రాసి ఉందో చూసి ఇక్కడే రాయి. 2018 జూలైలో యాక్సిల్ బరువులు పెంచారు గాని ఆర్‌సీలో పాత బరువే ఉంటే నువ్వు ఎత్తగలిగే లోడు మూడున్నర టన్నులు తక్కువ, కిరాయి కూడా అంతే తక్కువ. బండి నంబరు మాత్రం అందరికీ కనిపించేలా పెట్టకు. ఆ వివరాలు తెలిశాక ధర ఎంత అడగాలో చెబుతాను.